మొదటి వరుసలో నా పేరు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒత్తులు ఒక్కోసారి మరిచిపోతాను. ఈ కాస్త రాయడానికే నాకు పదకొండు రోజులు పట్టింది. మా ఆయన యలమందయ్య పోయిన మరుసటేడు, నా యాభై ఎనిమిదో ఏట, అంగన్‌వాడీలో మధ్యాహ్నం పూట పెద్దవాళ్లకు చెప్పే చదువులో చేరాను. మా వీధి ఆడవాళ్లలో ముందు పలక పట్టింది నేనే. నాతో కూలికొచ్చే జమీలాను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లిందీ నేనే.

నాకు ఏడాది పట్టిన చదువు జమీలాకు నాలుగు నెలల్లో వచ్చేసింది. ఆమె అక్షరాలు గుండ్రంగా, ఒకే ఎత్తులో ఉంటాయి. నావి వాన వెలిసాక దారిలో పశువుల గిట్టల్లా ఉంటాయి. పొదుపు సంఘానికి ఏ కాగితం వచ్చినా అందరూ "జమీలా, ఇది చదివిపెట్టమ్మా" అంటారు. పక్కనే నేను కూర్చుని ఉంటాను. ఒక్కరూ నా వైపు చూడరు. అప్పుడు నా కడుపులో మంట చూడాలి, మిరపకాయల ఘాటు ఏపాటిది!

మేమిద్దరం చేసేది ఒకటే పని. ఎండిన మిరపకాయల తొడిమలు తీసి, రంగు పోయిన తాలుకాయలు ఏరి పక్కన పోయడం. ఊళ్లో కల్లం లేక రైతులు తారురోడ్డు మీదే కాయలు ఆరబోస్తారు. లారీలు తొక్కిపోతాయి. అందుకని పంచాయతీ సిమెంటు కల్లం కట్టిస్తానంది. మా వీధి చివర పాత బందెలదొడ్డి స్థలం ఖాళీగా ఉంది, పక్కనే బోరు కూడా ఉంది. అక్కడ కడితే నాలాంటి మోకాళ్ల నొప్పులవాళ్లు నాలుగడుగులేసి పనికి పోవచ్చు. నాకు ఈ పని తప్ప మరో పని రాదు.

గ్రామసభకు ముందురోజు మధ్యాహ్నం పంచాయతీ అటెండరు కోటేష్ తీర్మానాల పుస్తకం పట్టుకొచ్చాడు. నేను మిరప రాశి దగ్గర కూర్చుని ఉన్నాను.

"పిన్నీ, సంతకం పెట్టు. కల్లం సంగతి."

"చదవనీరా."

"ఏం చదువుతావులే, పొద్దుపోతుంది. కింద ఇంకా ఒక్క సంతకం లేదు చూడు. మొదటి సంతకం నీదే."

"జమీలా చేసిందా?"

"ఇంకా లేదు. ఇప్పుడు వాళ్లింటికే పోతున్నా."

అంతే. చేతులు కొంగుకు తుడుచుకుని పెన్ను తీసుకున్నాను. కోటిరత్నం అని నాలుగక్షరాలూ పూర్తిగా రాశాను. నా బొటనవేలి మిరప మరక ఎర్రగా పేజీకి అంటుకుంది. నాకు అదీ అందంగానే కనిపించింది.

సాయంత్రం జమీలా మా గుమ్మం దాకా వచ్చి, "అక్కా, ఒక మాట" అని పిలిచింది. పైన నా పేరు చూసి ఓర్వలేక వచ్చిందనుకున్నాను. నిద్రపోతున్నట్టు గోడ వైపు తిరిగి పడుకున్నాను. కాసేపు నిలబడి వెళ్లిపోయింది. నాకు ఎంత హాయిగా ఉందో!

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు టెంటు వేశారు. మగవాళ్లకు కుర్చీలు, మాకు నేల మీద పట్టాలు. సర్పంచ్ శ్రీకృష్ణ గారు, "అందరూ ఒప్పుకున్నదేగా, ముగించేద్దాం" అన్నారు.

కొత్తగా వచ్చిన సెక్రటరీ శ్రీదివ్య గారు చిన్నపిల్ల. "చదివి వినిపించాలండి" అని పుస్తకం తెరిచింది.

కల్లం కాలవగట్టు మీద కట్టాలని ఉంది అందులో. ఊరికి రెండు కిలోమీటర్లు. నీళ్లు లేవు, చెట్టు నీడ లేదు. శ్రీకృష్ణ గారి పొలం మాత్రం పక్కనే ఉంది. అంత దూరం నేను నడవలేను.

జమీలా లేచింది. "ఎవరొప్పుకున్నారండీ? నిన్న నేను చదివి, సంతకం పెట్టనని చెప్పి పంపాను."

"నువ్వొక్కదానివే పెట్టలేదు. ఇరవై ముగ్గురు పెట్టారు," అన్నారు శ్రీకృష్ణ గారు. "మొదటి సంతకం ఎవరిదో చూడు. మీ కోటిరత్నానిదే! చదువొచ్చిన మనిషి!"

అందరూ నా వైపు తిరిగారు. ఇన్నేళ్లు నేను కోరుకున్నది అదే. జమీలా కూడా చూసింది. నన్ను తిట్టినా బాగుండేది.

మోకాలు పట్టుకుని లేచాను. "చదవకుండా పెట్టానండీ."

"చదువొచ్చి కూడా చదవలేదా? ఎందుకని?"

"జమీలా పేరు కంటే నా పేరు పైన ఉండాలని."

టెంటంతా గొల్లున నవ్వింది. జమీలా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వెనక నుంచి మా వీధి లాల్‌బీ అరిచింది: "కోటేష్ నాతో ఏమన్నాడో తెలుసా? పిన్నే పెట్టింది, నీకేం భయం అన్నాడు!" "నాతోనూ అదే!" "నాతోనూ!" అని ఒక్కొక్కరే లేచారు. నా పేరు చూపించి అందరి దగ్గరా సంతకాలు పట్టాడన్నమాట. కోటేష్ తల వంచుకుని టెంటు తాడు సరిచేస్తూ నిలబడ్డాడు.

శ్రీదివ్య గారు ఆ పేజీ అడ్డంగా కొట్టేసింది. "ఇప్పుడు చేతులెత్తండి, లెక్కపెడతాను," అంది. కాలవగట్టుకు తొమ్మిది చేతులు. బందెలదొడ్డికి నలభై ఆరు. శ్రీకృష్ణ గారు కండువా దులుపుకుని, "సరే, మీ ఇష్టం," అన్నారు.

కొత్త పేజీలో తీర్మానం రాసి, శ్రీదివ్య గారు పుస్తకం నా చేతికే ఇచ్చింది. "ఈసారి చదవండమ్మా."

చదివాను. పైకే చదివాను. ఎండలో జనం విసుక్కుంటూ కూర్చున్నారు. "విస్తీర్ణం" దగ్గర ఆగిపోయాను. జమీలా నా పక్కనే ఉంది. ఆ మాట ఆమె నాలుక మీద ఉందని నాకు తెలుసు. పెదవులు బిగబట్టుకుని నిలబడింది. మూడుసార్లు తడబడి నేనే అన్నాను. సంతకం పెట్టి పుస్తకం ఆమెకిచ్చాను.

"నిన్న నిద్రపోయావు కదక్కా," అంది మెల్లగా, పెన్ను తీసుకుంటూ.

"తెలుసుగా నీకు."

"తెలుసులే."

నా పేరు కింద తన పేరు రాసింది. గుండ్రంగా, ఒకే ఎత్తులో. మొదటి వరుస నాదే, అయినా ఆ పేజీ ఎవరు తెరిచినా ముందు కనబడేది ఆమె అక్షరాలే. ఇప్పుడు మేమిద్దరం కొత్త కల్లం మీద పక్కపక్కనే కూర్చుని తాలుకాయలు ఏరుకుంటున్నాం. ఆమె సంతకం గుర్తొస్తే నాకు ఇప్పటికీ మంటే.

కోటిరత్నం, అరవై మూడేళ్లు, బందెలదొడ్డి వీధి, దొడ్డంవారిపాలెం.