గ్రూపులోకి బొట్టు పెట్టి పిలుపు

చట్నీ కోసం ఫ్రిజ్ తలుపు తీయబోయిన దుర్గాభవాని చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఫ్రిజ్ వెనక్కి ఏదో నల్లగా జారింది. తోక. ఆ వెంటనే బుస.

నాగుపాము!

అరుపు గొంతు దాకా వచ్చింది. మింగేసింది. చీపురుపల్లి బజారులో ‘దుర్గ టిఫిన్స్’ ఆమెదే. బయట ఆదివారం జనం ఇడ్లీల కోసం కాచుకుని ఉన్నారు. వంటింట్లో పాముందని ఒక్కరికి తెలిస్తే చాలు, రేపటి నుంచి ఆ గుమ్మం ఎవరూ తొక్కరు.

“గ్యాసయిపోనాది! ఇయాల్టికి లేదు, రేపు రండి!” అని అందరినీ పంపేసి, షట్టర్ దించి, రోడ్డు పక్కకెళ్ళి ఫోన్ తీసింది.

నిజానికి ఆమెకు దిగులుండకూడదు. ‘పాము మిత్రులు’ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ ఆమే. ఎవరింట పాము దూరినా ఉచితంగా పట్టి తుప్పల్లో వదిలే వలంటీర్ల గ్రూపు అది. సభ్యులు నాలుగొందల మంది. పట్టేవాళ్ళు ఇద్దరే. మిగతావాళ్ళు దండం బొమ్మలు పెడతారు.

ఆ ఇద్దరినీ నిన్న సాయంత్రమే ఆమె గ్రూపులోంచి తీసేసింది.

చీపురుపల్లి కూర్మయ్య, గజపతినగరంలోని అత్తారింటికి వెళ్ళి అక్కడో జెర్రిపోతును పట్టి ఫొటో పెట్టాడు. గజపతినగరం పాములు పట్టేది అతని బావమరిది వెంకీ. “మా ఊరి పాముని నువ్వెలా పడతావు బావా? ఇకనుంచి నీ ఊరు నీది, నా ఊరు నాది” అని వెంకీ వాయిస్ మెసేజ్. “అల్లుడికి ఒక జెర్రిపోతు పట్టుకునే హక్కు లేదేటిరా?” అని బావ. గంటలో ఇద్దరూ పెళ్ళినాడు చాలకపోయిన మాంసం కూర దాకా వెళ్ళిపోయారు. దుర్గాభవాని విసిగి ఇద్దరినీ పీకేసింది. దానికీ దండాలు వచ్చాయి.

ముందు కూర్మయ్యకు ఫోన్ చేసింది. ఎత్తింది అతని భార్య లక్ష్మణమ్మ.

“వదినా, అన్నయ్యని బేగి పంపు. మా కొట్లో నాగుపాము దూరింది.”

“ఏ అన్నయ్య? నువ్వు నలుగుర్లో గెంటీసిన మనిషా?”

“లింకు పంపుతాను వదినా. ఒక్కసారి నొక్కితే మళ్ళీ సేరిపోతాడు.”

“లింకేటి లింకు! లింకు పంపితే వచ్చీసీ మనుషులమా? ఇంటికొచ్చి బొట్టెట్టి పిలు. అప్పుడు సూద్దాం.”

వెంకీకి చేసింది.

“పాము చీపురుపల్లిలో ఉన్నాది కదక్కా, నానెలా వస్తాను? ఊళ్ళు పంచింది నానే. నానే గీత దాటితే బావ ఊరుకుంటాడా?”

“ఒరే, పాముకి నీ గీతలు తెలుసేట్రా?”

“దానికి తెలీదు కాబట్టే మనం పాటించాలక్కా. బావ రమ్మంటే వస్తాను.”

దుర్గాభవాని కుంకుమ భరిణె పట్టుకుని కూర్మయ్య ఇంటికి పరుగుతీసింది. లక్ష్మణమ్మకు బొట్టు పెట్టి, “నువ్వూ అన్నయ్యా ఇద్దరూ మా గ్రూపులోకి తప్పకుండా రావాలి” అంది.

లక్ష్మణమ్మ మెత్తబడింది. సగమే. “మా తమ్ముడూ వచ్చి పిలవాల. అల్లుణ్ణి జెర్రిపోతు కాడ మాటన్నాడు” అని తనే వెంకీకి ఫోన్ చేసింది. తోడబుట్టిన అప్ప పిలిచాక వెంకీ ఆగుతాడా? ఇస్త్రీ చొక్కా, అరటిపళ్ళతో బైకు దిగాడు.

“బావా, గ్రూపులోకి రా.”

“నువ్వూ రారా.”

వాళ్ళిద్దరూ, దుర్గాభవానీ కొట్టుకి పరుగెత్తి, లోపలికి దూరి షట్టర్ వేసుకున్నారు. ఫ్రిజ్ ముందు నిలబడి కూర్మయ్య ఇనుప కొక్కెం బావమరిదికి చాచాడు.

“నువ్వు పట్టరా. మా ఊరొచ్చిన చుట్టానివి.”

“అయ్యో, ఊరు నీది బావా. నువ్వే పట్టు.”

“నీ జెర్రిపోతుని నాను పట్టీసాను కదా. దానికిదే బదులు.”

“పెద్దోడివి నువ్వుండగా నానేటి!”

పాము పడగ విప్పి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

“ఎవరో ఒకరు పట్టండ్రా బాబూ!” దుర్గాభవాని బల్లెక్కి అరిచింది. బయటికి వినబడిందేమోనని వెంటనే కొంగు నోట్లో కుక్కుకుంది.

చివరికి బావ కొక్కెంతో ఎత్తాడు, బావమరిది తోక పట్టాడు. వెయ్యడానికి సంచి లేదు. చుట్టపుచూపుకని బయల్దేరిన వెంకీ తేలేదు. మొగుడు ఇక పాముల జోలికి వెళ్ళడని లక్ష్మణమ్మ అతని సంచి ఉతికి ఆరేసింది. దుర్గాభవాని అందిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఇచ్చింది. పాము అందులోకి దూరింది. మూతకి చిల్లులు పొడిచారు.

“ఫొటో ఇక్కడొద్దు. నా కొట్టు పేరు ఎక్కడా రాకూడదు” అని ఇద్దరి చేతా ఒట్టేయించుకుని, అక్కడికక్కడే వాళ్ళను గ్రూపులో చేర్చింది.

ఇద్దరూ రెండూళ్ళకీ మధ్యనున్న తుప్పల దాకా వెళ్ళారు. భుజాల మీద చేతులేసుకుని, డబ్బా ముందు పెట్టుకుని ఫొటో దిగి, పామును వదిలేశారు. ఫొటో గ్రూపులో పడింది. దండాలు మొదలయ్యాయి. దుర్గాభవాని ఊపిరి పీల్చుకుంది.

అప్పుడు ఎక్కడో దూరాన నౌపడలో ఉన్న సభ్యుడు గిరిబాబు రాశాడు: “డబ్బా మీద ‘దుర్గ టిఫిన్స్ అల్లం పచ్చడి’ అని ఉన్నాదేటండీ?”

ఆమె వేలు అతన్ని తీసేసే బటన్ మీదికి వెళ్ళింది. ఆగింది. తీసేస్తే మళ్ళీ భరిణె పట్టుకుని నౌపడ దాకా వెళ్ళాలి.

“డబ్బా మా కొట్టుదే. పాముల సేవకి ఇచ్చేశాం” అని రాసింది.

మొదటి దండం గిరిబాబుదే.