గాజులవాడ కింద డొల్ల

నేను ఒక సిమెంటు మురుగు గొట్టాన్ని. అప్పుడే ముక్కు మూసుకోకండి. నాలో పారినదేదీ నేను పుట్టించింది కాదు.

ఊరి బయట యార్డులో, ఇనుప అచ్చులో గిరగిర తిప్పుతూ నన్ను పోశారు. వారాల తరబడి నీళ్ళు చల్లి గట్టిపరిచారు. ఆ చల్లదనానికి మురిసిపోయి, జీవితమంతా మంచినీళ్ళే మోస్తాననుకున్నాను. గాజులవాడ అనే ఇరుకు గల్లీలో పాతిపెట్టాక గానీ నా బతుకేమిటో నాకు తెలియలేదు.

మలమూత్రాల గురించి నాకు పేచీ లేదు. కడుపున్న ప్రతివాడికీ అది తప్పదు. రోత పుట్టించింది మిగతాది. పాచిపోయిన బిర్యానీ, తలవెంట్రుకల ఉండలు, పసిపిల్లల డైపర్లు, గోడలకు వేయగా మిగిలిన సున్నం. ఒకసారి మ్యాన్‌హోల్ మూత ఎత్తి, ఇంకా కళ్ళు తెరవని పిల్లికూనల్ని కూడా వేశారు. మళ్ళీ మూత పెట్టేస్తే లోకంలో అవి లేనట్టే వాళ్ళకు. ఆ కుళ్ళులోంచి లేచిన ఆవిరే నా పైకప్పును తినేసింది.

చివరికి గల్లీకి అవతలి పక్క కొత్త లైను వేశారు. నా రెండు చివర్లకూ నాలుగేసి ఇటుకలు అడ్డం పెట్టి వదిలేశారు. వానలకు పైమట్టి నా పగుళ్ళలోంచి కొంచెం కొంచెంగా లోపలికి జారింది. నా నెత్తిన గదంత డొల్ల ఏర్పడింది. దాని మీద తారు రోడ్డు అప్పడంలా నిలబడి ఉంది.

సరిగ్గా అక్కడే బాల్లచ్చిమి ఇస్త్రీ బండి. చక్రం కుంగుతోందని ఆమె ఎదురింటి వేణుమాధవరావుతో చెప్పింది. ఆయన గల్లీ సంఘానికి అధ్యక్షుడు.

“సారూ, కింద డొల్ల అయినట్టుంది. ఎవలకన్న చెప్పుండ్రి.”

“నీ బొగ్గుల బండి బరువుకే కుంగుతున్నది. బండి జరుపుకో, సరిపోతది.”

శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం, ముసురులో, రోడ్డు విరిగింది. బండీ, నిప్పులూ, మడతబట్టలూ, బాల్లచ్చిమీ నా మీద పడ్డారు. నిప్పులు మురికిలో చుయ్యిమన్నాయి. ఆమె కాలు విరిగి, నడుము లోతు బురదలో కూరుకుపోయి అరుస్తోంది. పైన జనం గుండ్రంగా నిలబడి, ఒక చేత్తో ముక్కు మూసుకుని, మరో చేత్తో ఫోన్లు పట్టుకున్నారు. మంగలి కమలాకర్ ఒక్కడే దుకాణం ముందు తువ్వాళ్ళు ఆరేసే తాడు తెంపుకొచ్చి, అంచున బోర్లా పడుకున్నాడు.

“అక్కా, చంకల కింద కట్టుకో! నేను గుంజుత!”

ఇంకో ఇద్దర్ని తిట్టి పిలిచి, ఆమెను పైకి లాగాడు. వేణుమాధవరావు గేటు లోపల నల్లా ఉంది. ఒళ్ళు కడుగుదామని అటు నడిపించబోతే ఆయన గేటు మూసేశాడు.

“ఛీ, ఆ కంపుతోని లోపలికి తేకు!”

ఆమె ఒంటిమీద ఉన్నది వాళ్ళ ఇళ్ళలోంచి వచ్చిందే. వాళ్ళు చీదరించుకున్నది మాత్రం ఆమెను. కమలాకర్ భుజాన వేలాడుతున్న మనిషిని ఇంకొకావిడ అడిగింది: “లచ్చిమీ, మా ఆయన షేర్వాణీ గీ బండిలనే ఉండెనా?”

గుంతలో రాళ్ళూ మట్టీ పోసి కప్పేద్దామన్నాడు కాంట్రాక్టరు. పని చూడడానికి వచ్చిన ఇంజినీరు ఫర్హత్ ఒప్పుకోలేదు.

“కింద గొట్టం ఖాళీగా ఉంటే మట్టి మళ్ళీ జారుతది. గొట్టం, డొల్ల రెండూ నింపాలె.”

“అయితే ఒకణ్ణి దించి లోపల కడిగిస్త మేడం.”

“మనిషిని దించేది లేదు. మిషన్ తెప్పించు.”

మిషన్ నీళ్ళతో కడిగాక, చక్రాల కెమెరాను నాలో నడిపారు. పక్క నుంచి వచ్చి కలిసే ఒక చిన్న పైపు ఇంకా తడిగానే ఉంది. అంటే ఎవరో కొత్త లైనుకు మారకుండా ఇప్పటికీ నాలోకే వదులుతున్నారు. ఫర్హత్ గల్లీ వాళ్ళందరినీ పిలిచింది.

“ఇది ఎవరిదో చెప్పండి, ముందు కొత్త లైనుకు కలిపిస్త. ఎవరిదీ కాదంటే దీన్ని కూడా నింపేస్త.”

అది వేణుమాధవరావు ఇంటిదని నాకు తెలుసు. ఇంటింటికీ తిరిగి అందరి చేతా మార్పించిన పెద్దమనిషి, తన పాలరాతి నేల తవ్వించడం ఇష్టం లేక తాను మాత్రం మారలేదు.

“మాది ఎప్పుడో మారింది,” అన్నాడు.

సిమెంటు, బూడిద, నురగ కలిపిన గ్రౌట్‌ను పంపుతో నాలోకి వదిలారు. దోసెపిండిలా జారుతూ, తనంతట తానే సమంగా పరుచుకుంటూ వచ్చింది. పుట్టి ఇన్నాళ్ళకు నాలోకి వచ్చి నిలిచిన మొదటి శుభ్రమైన వస్తువు అదే. అవతలి చివర పెట్టిన గాలిగొట్టంలోంచి తొణికేదాకా పోశారు. పగుళ్ళలోంచి పైకెక్కి డొల్లంతా నిండింది. ఆ తడి పైపులోకి కూడా పాకింది.

అంతలో వేణుమాధవరావు ఇంట్లోంచి కోడలి కేక: “మామయ్యా! లెట్రిన్ల నుంచి సిమెంటు పైకొస్తున్నది!”

గల్లీ అంతా విన్నది. ఆయన బయటికి వచ్చి అన్న మొదటి మాట: “ఎవడో నాకు తెల్వకుండ మా పైపు దీనికి కలిపిండు.”

ఉమ్మేయాలనిపించింది. అప్పటికే నా నోటినిండా గ్రౌట్.

బాల్లచ్చిమి కాలు అతుక్కుంది. వేరే గల్లీలో బండి పెట్టుకుంది. ఇక్కడివాళ్ళు నలిగిన చొక్కాలతో కొన్నాళ్ళు ఓర్చుకుని, రోడ్డు ఇప్పుడు గట్టిదయింది, రమ్మని కమలాకర్ చేత కబురు పంపారు. గట్టిపడిన గ్రౌట్ గుండా పైమాటలు నాకు ఇదివరకటి కన్నా బాగా వినిపిస్తాయి. అతను తిరిగొచ్చి, సరిగ్గా నా నెత్తిమీద నిలబడి ఆమె జవాబు చెప్పాడు.

“రోడ్డు గట్టిదైతే మంచిదే గానీ, మీ బట్టలు ముట్టాలంటె రోతగున్నదట.”

చెప్పుల చప్పుళ్ళు ఒక్కొక్కటే ఇళ్ళలోకి వెళ్ళిపోయాయి.