శూన్యంలో వయొలిన్లు

…అసలు కొత్తగా ఈ వినికిడి మిషను పెట్టుకోవడం కంటే చెవిలో చీమ దూరడం నయం, చీమయితే కాసేపటికి దారి వెతుక్కుని బయటికి పోతుంది, ఇది పోదు, పైగా వెనకబెంచీలో ఎవరో చాక్లెట్ కాగితం విప్పుతుంటే ఆ గరగరంతా తెచ్చి చెవిలో పోస్తోంది, పిల్లలు ఇన్నిసార్లు ముక్కు ఎగబీలుస్తారని సర్వీసంతా పాఠాలు చెప్పినా తెలియలేదే అనుకుంటూ మాస్టారు మైకు ముందు గొంతు సవరించుకున్నారు, ఆ సవరింపు ఎవరో బల్ల ఈడ్చినట్టు వినపడితే తనే ఉలిక్కిపడ్డారు, అది కప్పిపుచ్చుకోవడానికి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు, ఫిజిక్సు మాస్టారికి కంగారేమిటి, తను పనిచేసిన బడే, తను నిలబడ్డ వేదికే, సైన్సు క్లబ్బు వాళ్లు పిలిచి మరీ పూలగుచ్ఛం ఇచ్చారు, హెడ్మిస్ట్రెస్ ఒకప్పుడు తన దగ్గర చదువుకున్న పిల్లే, ముందు వరసలో ఇంటావిడ కూర్చుంది, అదీ అసలు కంగారు, మిషను పెట్టుకుంటేనే వస్తాను, లేకపోతే మీ ఉపన్యాసం మీరే వినుకోండి, అయినా మీకెలాగూ వినపడదుగా అంది పొద్దున, ఆ మాటకి కోపం రావాలి, రాలేదు, ఎందుకంటే ఆవిడ తనతో అంత పొడుగు మాట మాట్లాడి చాలా రోజులైంది, ఈమధ్య అన్నీ ఒంటి మాటలే, కాఫీ, మందు, తలుపు, అంతే, అరిచి అరిచి నా గొంతు పోయిందండీ అని కుర్చీ ముందుగదిలోంచి లోపలిగదికి మార్చేసుకుంది, ఈ రాత్రి నుంచి ఇద్దరూ కలిసి చూసే అంతరిక్షం సీరియల్ కొత్త భాగాలు వస్తున్నాయి కదా, అవి ఫోనులో ఒక్కర్తినే చూసుకుంటానని తేల్చి చెప్పేసింది, ఆ ముక్క మాత్రం మిషను లేకుండానే శుభ్రంగా వినపడింది. ఇవాళ హాలంతా చప్పట్లు కొడితే ఆవిడ మనసు కరుగుతుందని, ఆ కుర్చీ మళ్లీ తన పక్కకి వస్తుందని మాస్టారి ఆశ.

సగం పని అయిపోయింది, గాజు జాడీ ప్రయోగం అదిరింది, బల్ల మీద జాడీ, జాడీలో కరెంటు గంట, పక్కన గాలి లాగే చేతిపంపు, పంపు కొట్టేకొద్దీ గంట చప్పుడు సన్నబడి సన్నబడి చచ్చిపోయింది, సుత్తి మాత్రం టకటకా కొడుతూనే ఉంది, చూశారా పిల్లలూ, గంట మోగడం మానలేదు, ఆ మోత మనదాకా తేవడానికి మధ్యలో గాలి లేదు, అంతే అన్నారు, పిల్లలు చప్పట్లు కొట్టారు, ఆవిడ కొట్టలేదు, ఒళ్లో సంచీ ఉంది పాపం, సరే, ఇక రెండో సగం, సినిమాల్లో నౌకలు పేలితే ఢామ్మంటాయి, శూన్యంలో ఢామ్మేమిటి నీ మొహం, ఒక్క ఈ సీరియల్ వాళ్లే నిజాయితీపరులు, నౌక బయట చూపించినప్పుడల్లా నోరు మూసుకుంటారు, చిటుక్కుమనదు, ఈ సంగతి ఆయన పెళ్లిళ్లలో చెప్పారు, బస్సులో పక్కసీటాయన దిగిపోయేదాకా చెప్పారు, పన్ను పీకించుకుంటూ సగం నోటితో డాక్టరుకి చెప్పారు, ఓసారి బావమరిది, బావగారూ, ఆ సీరియల్లో సంగీతం మహాద్భుతమండీ అంటే, పేర్లు పడేటప్పుడు వాయించే డప్పులేగా, పర్లేదు, బాగానే ఉంటాయి, కానీ నిశ్శబ్దం చూడు, నిశ్శబ్దం అని అతగాడి బండి టైమయ్యేదాకా వదల్లేదు. పైగా తెర అడుగున అక్షరాలు పడతాయిగా, అవి చదువుకుంటూ చూస్తారాయన, ఈ ఘట్టం వచ్చేసరికి అక్షరాలుండవు, ఒక చిన్న గుర్తు, నిలువు గీత, కింద నల్లచుక్క, పైన తోక, అది ఆ నౌక జెండా గుర్తని ఆయనే కనిపెట్టి ఆవిడకి వివరించారు, ఆవిడ ఆయన వంక ఒక్క చూపు చూసి లేచి లోపలికి వెళ్లిపోయింది, దేశభక్తి ఘట్టం కదా, తట్టుకోలేకపోయిందనుకున్నారు.

కంప్యూటరు టీచరు దీపాలార్పి బొమ్మ మొదలెట్టాడు, గోడంత తెర మీద నల్లటి ఆకాశం, నౌక నడుమ ఎర్రటి గీత, ఆ గీత వెంట నౌక రెండు ముక్కలైపోతోంది, ఈ ముక్క కిటికీలో భర్త, ఆ ముక్క కిటికీలో భార్య, మాస్టారు మైకులోకి వంగి, వినండి పిల్లలూ, ఏమీ వినపడదు అన్నారు, అని వేలెత్తి నిలబడ్డారు, సరిగ్గా అప్పుడే చెవిలో సన్నగా కుయ్యిమని మొదలైంది, ఇదుగో, మొదలెట్టింది దిక్కుమాలిన మిషను, పెట్టిన అమ్మాయి చెప్పనే చెప్పింది, సరిగ్గా దిగకపోతే కూత పెడుతుందండీ అని, వేలితో లోపలికి నొక్కారు, కూత తగ్గలేదు, తల అటు వంచారు ఇటు వంచారు, హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు, అదీ వినపడింది, ఛీ, వెధవ మిషను, గబుక్కున తీసేశారు, కూత లేదు, హమ్మయ్య, మళ్లీ పెట్టారు, కూత ఉంది, తీస్తే లేదు, పెడితే ఉంది, ఇంతకంటే రుజువేం కావాలి, దోషి దొరికాడు, కానీ కూత పెట్టే మిషను ఒకే స్థాయిలో కూస్తుంది కదా, అది కదా సూత్రం, ఇదేమిటి మెట్లెక్కినట్టు పైకి పోతోంది, పోయి, పైన కాసేపు ఆగి, ఎవరికోసమో చూసి, దిగుతోంది, మిషన్లకి ఇంత మర్యాద ఎక్కడిది, ఇప్పుడు దాని కింద ఇంకోటి చేరింది, రెండూ ఒకటి కావు, ఒకటి అడుగుతుంటే ఒకటి చెబుతోంది.

వయొలిను, ఒకటి కాదు, చాలా, ఎన్నో ఆయన లెక్కపెట్టలేకపోయారు, జీవితంలో మొదటిసారి లెక్కపెట్టాలనీ అనిపించలేదు, సన్నగా దారం పోగులా మొదలైనది వెడల్పవుతోంది, అడుగున బరువైనవేవో కదిలాయి, నిలబెట్టి వాయిస్తారే, ఆ పెద్ద వయొలిన్లు, అవి కదిలితే మైకు బల్ల పట్టుకున్న వేళ్లకి తెలిసింది, నౌక ముక్కలు దూరమవుతుంటే పైనున్న వయొలిన్లు ఇంకా పైకి, అడుగున ఉన్నవి ఇంకా కిందికి, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీ ఎవరికీ చెందనట్టు ఉండగా ఎక్కడో ఒక ఫ్లూటు, ఒక్కటే, ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి మాట మోసుకెళ్తున్నట్టు, అబ్బ, ఎంత బాగుంది, ఎంత అన్యాయంగా బాగుంది, ఇన్నేళ్లూ ఇది ఇక్కడే ఉందా, ఇది ఉండగానే తను పక్కన కూర్చుని చూశావా, ఏమీ లేదు అంటూ వచ్చాడా, తెర అడుగున ఆ తోక చుక్క జెండా కాదు, సంగీతం గుర్తా, కొంప మునిగింది, ఏమీ వినపడదని ఇప్పుడే హాలందరికీ మైకులో చెప్పాడు, పిల్లలు నోళ్లకి చేతులడ్డం పెట్టుకుంటున్నారు, పాటల టీచరమ్మ తల దించుకుంది, ఆ దించడం జాలితోనే, గోడకి కట్టిన బ్యానరు మీద మహా నిశ్శబ్దం అని రాసి ఉంది, అంత పెద్ద అక్షరాలతో రాయమన్నది ఎవరు, తనే. పరువు పోవడమంటే ఏమిటో పుస్తకాల్లో చదివారు గానీ అది ఇంత కమ్మటి సంగీతంతో పోతుందని ఎవరూ రాయలేదు.

ఆవిడ వంక చూశారు, నవ్వుతుంటుందని భయపడుతూనే చూశారు, నవ్వడం లేదు, అసలు తెర వంకే చూడటం లేదు, కళ్లు మూసుకుంది, ఈ ఘట్టంలో ఎప్పుడూ అంతే, కళ్లు మూసుకుంటుంది, నిద్రపోతున్నావుటే అని ప్రతిసారీ మోచేత్తో పొడిచేవాడు, పొడిచి శూన్యం గురించి చెప్పేవాడు, ఓసారి ఆ కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, ఏడుపెందుకే, వాళ్లిద్దరూ తర్వాత కలుస్తారు, నేను చదివాను అని ఓదార్చాడు కూడా, మొదట్లో ఆవిడ చెప్పకపోలేదు, ఏవండీ, ఆ వయొలిను చూశారా, ప్రాణం లాగేస్తోంది అంది, ఎక్కడి వయొలినే పిచ్చిదానా, గాలే లేనిచోట అన్నాడు, మర్నాడు మళ్లీ చెప్పింది, మళ్లీ పాఠం, చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది, తను చెవిన పెడితేగా, పాఠం, పాఠం, పాఠం, అలా చెప్పడం తగ్గి, తగ్గి, కాఫీ, మందు, తలుపు దగ్గర ఆగింది. బల్ల మీద జాడీలో గంట ఇంకా మోగుతూనే ఉంది, ఆపడం మరిచిపోయాడు, తెర వెలుగులో ఆ బుల్లి సుత్తి కనపడుతోంది, టకటకా, టకటకా.

దీపాలు వెలిగాయి, హెడ్మిస్ట్రెస్ లేచి, మాస్టారూ, ఆ నిశ్శబ్దం గురించి రెండు మాటలు అంది, ఆ పిల్లకి జాలి ఎక్కువ, తప్పించుకోవడానికి దారి కూడా వదిలింది, నిజంగానే దారులున్నాయి, ఇది వేరే కాపీ అనొచ్చు, ఎవరో తర్వాత కలిపారనొచ్చు, పరీక్షించడానికి కావాలనే అన్నాను అనొచ్చు, మాస్టార్లందరికీ వచ్చిన విద్యే అది, నోరు తెరిచారు, ఆ మూడోదే వచ్చేసేది, ఆవిడ అప్పుడే కళ్లు తెరిచి చెంగుతో తుడుచుకుంటూ సంచీ పక్కకుర్చీలో పెట్టి సర్దుకుంటోంది, లేచిపోయేలా ఉంది, మాస్టారు మైకు దగ్గరికి లాక్కుని, అంతరిక్షంలో చప్పుడుండదు, అది నిజం, ఈ సీరియల్లో సంగీతం ఉంది, అదీ నిజం, నాకు వినపడలేదు, ఇంట్లో చెబితే వినలేదు, బాబూ, మళ్లీ మొదట్నుంచి వెయ్యి అన్నారు. ఎవరూ నవ్వలేదు, నవ్వుదామనుకున్నవాళ్లకి కూడా ఎక్కడ నవ్వాలో దొరకలేదు, మాస్టారు బల్ల దగ్గరికెళ్లి జాడీ మర తిప్పారు, గాలి బుస్సుమని లోపలికి పోయింది, గంట హాలదిరేలా గణగణమంది, అప్పుడు నవ్వారు, అందరూ, మాస్టారు గంట కట్టేసి మెట్లు దిగి ముందు వరసకి వచ్చారు, ఆవిడ సంచీ తీసి పక్కకుర్చీ ఖాళీ చేసింది, దీపాలారాయి, తొలి వయొలిను లేచింది, ఆయన ఆవిడ వైపు వంగి, ఏమే, ఈ పైన వాయించేది అని ఏదో అనబోయారు, ఆవిడ కళ్లు తెరవకుండానే, ఇప్పుడు మాట్లాడకండి, ఫ్లూటు వస్తుంది అంది, ఎంత పొడుగు మాట, మాస్టారు నోరు మూసుకున్నారు, మూసుకుని కూర్చుంటే తెలిసింది, గంట ఏ రోజూ మోగడం మానలేదు, ఇంట్లో ఆ గాలంతా తోడేసిన పంపు తన నోరేనని.