ఒకటీ, ఇంకా కొంచెం

నేను ఒక ఇత్తడి గిద్దను. కొలతల కుటుంబంలో కడగొట్టుదాన్ని. మానిక, తవ్వ, సోల, అరసోల, చివర నేను. అయిదుగురం ఒకరి కడుపులో ఒకరం ఇమిడి, తణుకులో ఒక పెంకుటింట్లో బియ్యం డబ్బా మీద కూర్చుంటాం. నాతో రెండుసార్లు పోస్తే అరసోల నిండుతుంది, నాలుగుసార్లు పోస్తే సోల. నా చదువంతా ఇంతే. ఇంత చదువున్న నన్ను పట్టుకుని ఒక తల్లి కూతురికి భిన్నాలు నేర్పబోయింది. ఆ తరువాత కొన్నాళ్ళు ఆ ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు.

ముందు నా పుట్టుక చెప్పాలి. కంచరి నన్ను మట్టి మూసలో పోసి, చల్లారాక బయటికి తీసి, అంచుని ఆకురాయితో రాస్తూ కూర్చున్నాడు. కాస్త రాయడం, నీళ్ళతో నింపడం, ఆ నీళ్ళు సోలలో పోసి చూడడం. ఎక్కువైతే మళ్ళీ రాయడం. చివరికి ఒకసారి నీళ్ళు పోసి, తల పంకించి, "చాలు" అన్నాడు. ఆ మాట నాకు అంత బాగా ఎందుకు గుర్తుందంటే, మళ్ళీ చాలా ఏళ్ళ దాకా నన్ను చూసి ఎవరూ అలా అనలేదు.

మొదట మమ్మల్ని కొన్నది పేరయ్య. సంతలో మరమరాలు, వేయించిన వేరుశెనగలు అమ్మేవాడు. కొలిచేటప్పుడు బొటనవేలు నా లోపలికి పెట్టి పట్టుకునేవాడు. ఆ వేలు ఎంత లావుంటే కొనేవాడికి అంత తక్కువ. పాపం, మనిషి మంచివాడే. పిల్లలు వస్తే గుప్పెడు కొసరు వేసేవాడు. లోపల వేలితో మిగిల్చింది బయట గుప్పిటతో ఇచ్చేవాడు. మనుషుల ధర్మం నాకు అప్పుడే కాస్త అర్థమైంది, కాస్త కాలేదు.

సంతలోకి కేజీ రాళ్ళు వచ్చాక పేరయ్య మమ్మల్ని వదిలించుకున్నాడు. కొత్తగా కాపురానికి వచ్చిన సూరాయమ్మ మమ్మల్ని ఇంటికి తెచ్చుకుంది. ఆవిడ పద్ధతి పూర్తిగా ఇంకోలా ఉండేది. బియ్యం నా అంచు దాటి గోపురంలా నిలబడాలి. పైనుంచి ఒక్క గింజ జారితే గానీ కొలత అయినట్టు కాదు. అంచు దగ్గర అరచేత్తో గీసేయడాన్ని తల కొట్టడం అంటారు. సూరాయమ్మ దృష్టిలో అది మహా పాపం. "తల కొట్టి కొలిచిన ఇంట్లో అన్నం తరిగిపోద్ది" అనేది.

అలా పేరయ్య దగ్గర నేను గిద్దకి తక్కువ, సూరాయమ్మ దగ్గర గిద్దకి ఎక్కువ. సరిగ్గా గిద్దలా మాత్రం నన్ను ఎవరూ ఉండనివ్వలేదు.

తరువాత నేను సూరాయమ్మ కోడలు సత్యవేణి చేతికి వచ్చాను. అత్త గోపురం పెడితే కోడలు దాని మీద ఇంకో చిటికెడు వేసేది. ఇది పద్ధతి కోసం కాదు, భయం వల్ల. సత్యవేణికి భయపడడానికి కారణం అక్కర్లేదు. మొగుడు లారీ మీద వెళితే ఫోను మోగినా భయమే, మోగకపోయినా భయమే. కూతురు ప్రసూన తుమ్మితే జలుబు దాటి, జ్వరం దాటి, ఆస్పత్రి మంచం దాకా వెళ్ళి వచ్చేది ఆవిడ మనసు. వంటకి కొలిచేటప్పుడల్లా ఎవరో చెప్పకుండా వస్తారనీ, వాళ్ళకి చాలదనీ బెంగ. ఎవరూ వచ్చేవారు కాదు. పొద్దున్నే అందరూ చద్దన్నం తినేవారు.

ప్రసూన అయిదో తరగతి. తెలుగు చదివితే ముచ్చటేస్తుంది. లెక్కల దగ్గరికి వచ్చేసరికి పెన్సిల్ కొరుకుతూ కూర్చుంటుంది. ఆ రోజు హోంవర్కులో అరకి పావు కలపమని ఇచ్చారు. ప్రసూన పైవి పైవి కలిపింది, కిందవి కిందవి కలిపింది. ఒకటీ ఒకటీ రెండు, రెండూ నాలుగూ ఆరు. ఆరింట రెండు అని రాసింది.

సత్యవేణి ఎనిమిది దాకా చదివింది. కూతురి భుజం మీదుగా చూసి, "ఆరు ముక్కల్లో రెండంటే సగం కూడా కాదు కదే! సగానికి ఇంకాస్త కలిపితే సగం కంటే తగ్గుద్దా ఎక్కడైనా?" అంది.

"మరెంతమ్మా?"

తప్పని తెలిసింది కానీ ఒప్పేదో ఆవిడకి గుర్తులేదు. అటూ ఇటూ చూసింది. బియ్యం డబ్బా మీద మేం కనిపించాం. అరసోలతో బియ్యం తీసి సోలలో పోసింది. నాతో తీసి దాని మీద పోసింది. మా ఇద్దరికీ అలవాటు ప్రకారం గోపురాలు ఉన్నాయని వేరే చెప్పాలా? బియ్యం సోల అంచు దాకా వచ్చేశాయి.

"నిండిపోయింది! ఒకటి!" అంది ప్రసూన.

"ఒకటే మరి. కళ్ళెదురుగా కనపడతాంటే!"

తరువాతి లెక్క నాలుగు పావులు కలపమని. నాతో నాలుగుసార్లు పోసింది. నాలుగోసారికి బియ్యం పొర్లి చాప మీద పడ్డాయి. తల్లీకూతుళ్ళు పడిన బియ్యం వంకా, ఒకరి వంక ఒకరూ చూసుకున్నారు. కళ్ళతో చూసింది రాయాలి కదా. ప్రసూన నిజాయితీగా రాసింది: "ఒకటీ, ఇంకా కొంచెం."

నాకు నోరుంటే అప్పుడే అరిచేదాన్ని.

మర్నాడు పుస్తకం ఎర్రగా తిరిగి వచ్చింది. 'ఇంకా కొంచెం' కింద గీత గీసి, అమ్మని తీసుకురమ్మని రాసి ఉంది. సత్యవేణి ఆ గీతని చూసి హడలిపోయింది. ఏం అడుగుతారో, ఏం చెప్పాలో తెలియదు. అందుకని సాక్ష్యం ఉంటే మంచిదని నన్ను చేతిగుడ్డలో చుట్టి బ్యాగులో వేసుకుని బడికి బయలుదేరింది.

లెక్కల టీచరు పేరు ఎస్తేరు. గొంతు నెమ్మది. అదే సత్యవేణిని ఇంకా భయపెట్టింది.

"కూర్చోండమ్మా. ఈ 'ఇంకా కొంచెం' ఎవరు చెప్పేరండీ పాపకి?"

"నేనేనండి," అంది సత్యవేణి. చెయ్యి బ్యాగులోకి వచ్చి నన్ను పట్టుకుంది.  ఇప్పుడు తీస్తుంది, ఇప్పుడు చూపిస్తుంది అనుకున్నాను. తీయలేదు. గిద్దలూ సోలలూ అంటే నవ్వుతారని భయమేసినట్టుంది.

"శనివారం టెస్టు ఉందండి, భిన్నాల మీదే. ప్రసూనకి ఇదివరకటి రెండిట్లోనూ మార్కులు రాలేదు. ఇది కూడా తప్పితే మళ్ళీ అయిదులోనే కూర్చోబెట్టమంటున్నారు పెద్దసార్. నాకూ ఇష్టం లేదండీ. ఇంటి దగ్గర కాస్త చూడండి."

"ఆయ్, అలాగేనండి," అంది సత్యవేణి. బయటికి వచ్చింది. దారి పొడుగునా తనలో తనే గొణుక్కుంది. స్నేహితులంతా ఆరుకి వెళ్ళిపోతే పిల్ల చిన్నపిల్లల మధ్య కూర్చోవాలి, సిగ్గుపడి బడి మానేస్తుంది, దీనికంతటికీ తనే కారణం. ఇంటికి రాగానే నన్ను బోర్లించి అటక మీదికి తోసేసి, "నీకో దణ్ణం, నా లెక్కలకో దణ్ణం" అంది. ఇత్తడి సామాను కొనేవాడు వీధిలో కేకేస్తే నా గుండె ఆగిపోయేది. ఆవిడ పక్కన ఉండి ఉండి నాకూ ఆ జబ్బే అంటుకుంది.

నన్ను కాపాడింది గురువారం. శుక్రవారం పూజకి ముందురోజు ఆ ఇంట్లో ఇత్తడంతా చింతపండుతో తోమాలి. ఆ సాయంత్రం సత్యవేణి తోమి ఇస్తుంటే ప్రసూన కుళాయి దగ్గర కడుగుతోంది. అటక మీది సామానుతో పాటు నేనూ దిగాను. పిల్ల ఏదో ఆలోచిస్తూ నన్ను కుళాయి కింద పట్టింది. నిండాను. నీళ్ళు అంచు దగ్గర ఆగి, మిగతావి జారిపోయాయి. పిల్ల కదలకుండా చూసింది. నన్ను సోలలో వంచింది. మళ్ళీ నింపింది. మళ్ళీ వంచింది. నాలుగోసారి సోల అంచుకి, నీళ్ళకి మధ్య సందు లేదు. ఒక్క చుక్క కూడా కింద పడలేదు.

"అమ్మా!"

ఆ కేకకి సత్యవేణి చింతపండు చేతులతోనే పరిగెత్తింది. "పడ్డావా? జారేవా? తలకి తగిలిందా?"

"నాలుగేనమ్మా! ఇంకా కొంచెం లేదు!"

"ఏంటే?"

"చూడు. నీళ్ళకి గోపురం లేదు. బియ్యం మీద గోపురం నువ్వే పెట్టేవు!"

సత్యవేణి మొదట నమ్మలేదు. సోల కడిగి తనే మళ్ళీ పోసింది. సరిపోయింది. అరసోల పోసి, దాని మీద నన్ను పోసింది. సోలలో పైన ఇంకా నేను పట్టేంత ఖాళీ మిగిలింది. ఆవిడ ఆ ఖాళీలో వేలు పెట్టి చూసింది.

"మూడు గిద్దలు," అంది ప్రసూన మెల్లగా. "అరసోలంటే రెండు గిద్దలు కదమ్మా. దాన్నీ గిద్దలు చేసేసుకుని కలపాలి. టీచర్ చెప్పింది ఇదే! నాకు అప్పుడు తెలీలేదు. నాలుగింట మూడు!"

అరుగు మీదినుంచి సూరాయమ్మ కేకేసింది. "నీళ్ళు పారబోస్తన్నారేంటే అక్కడ?"

"భిన్నాలు చేస్తన్నామత్తయ్యా!"

"నీళ్ళతో భిన్నాలేంటే? బియ్యానికేం వచ్చింది?"

ప్రసూన పరిగెత్తుకెళ్ళి గోపురం సంగతి చెప్పింది. "అది లెక్కలో లేదు మామ్మా."

"లెక్కలో లేకపోతే పోనీ. కంచంలో ఉంది కదా," అంది సూరాయమ్మ. "తినేటప్పుడు తెలీదేంటి నీకు?"

అంతటితో సత్యవేణి భయం తీరిందనుకుంటున్నారా? అన్నం వడ్డిస్తుండగా ఆవిడకి కొత్త బెంగ పుట్టింది. "ఒసేయ్, టెస్టులో మూడో వంతు ఇస్తేనో? మూడో వంతు కొలత మనింట్లో లేదే!"

ప్రసూన ముద్ద చేతిలో పట్టుకుని ఆలోచించింది. "లేకపోతే ఉందని అనుకుంటాను. సగానికీ మూడో వంతుకీ రెండిటికీ సరిపడే చిన్న గిద్ద. ఆరు పోస్తే నిండేది. సగమంటే అవి మూడు, మూడో వంతంటే అవి రెండు. కలిపితే అయిదు. ఆరింట అయిదు."

సత్యవేణి వేళ్ళ మీద లెక్కపెట్టి, పెదవులు కదిపి, మళ్ళీ లెక్కపెట్టింది. కూతురి కంచంలో ఇంకో గరిటె వేసింది.

శనివారం టెస్టు అయింది. సోమవారం బడి వదిలే వేళకి సత్యవేణి గేటు దగ్గర నిలబడింది. ఎందుకైనా మంచిదని నన్ను మళ్ళీ బ్యాగులో తెచ్చింది. ఎస్తేరు టీచరు పేపరు పట్టుకుని రావడం చూసి ఆవిడ కళ్ళు మూసుకుంది. 

"ప్రసూన బాగా రాసిందమ్మా. ఇక ఆరుకి వెళ్ళిపోద్ది, బెంగపడకండి."

సత్యవేణి కళ్ళు తెరవలేదు. "ఇంకోసారి చెప్పండి."

టీచరు ఇంకోసారి చెప్పింది. అప్పుడు వదిలిన ఊపిరి ఎన్నాళ్ళ నుంచి బిగపట్టి ఉందో! బ్యాగులో ఉన్న నాకూ వినిపించింది.

"కానీ ఈ బొమ్మలేంటండీ? ప్రతి లెక్క పక్కనా చిన్న చిన్న గిన్నెలు వేసింది!"

ఈసారి సత్యవేణి నన్ను బయటికి తీసింది. బియ్యం సంగతి, గోపురం సంగతి, కుళాయి సంగతి అంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. టీచరు నన్ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నవ్వింది. "మా అమ్మ కూడా తల కొట్టనివ్వదండి. నేను బి.ఎడ్. చేసి కూడా ఇంటికెళ్తే గోపురమే పెడతాను," అంది. తరువాత అడిగింది, "దీన్ని మా క్లాసుకి ఇస్తారా? పిల్లలకి చూపిస్తాను."

సత్యవేణి ముఖంలో పోతుందేమో, సొట్ట పడుతుందేమో, ఎవరైనా మింగేస్తారేమో అన్నీ ఒకదాని వెనక ఒకటి కనిపించాయి. "ఇస్తానండి. కాకపోతే సాయంత్రం వంటవేళకి వచ్చేయాలి."

అప్పటి నుంచి నాది రెండు ఇళ్ళ బతుకు. పొద్దున్న ప్రసూన సంచిలో టిఫిన్ బాక్సు పక్కన, సోల కడుపులో కూర్చుని బడికి వెళతాను. అక్కడ పిల్లలు నన్ను నీళ్ళతో నింపి సోలలో వంచుతారు. "సరిపోయింది" అని వాళ్ళు అరిచినప్పుడల్లా నాకు కంచరి "చాలు" అనడం వినిపిస్తుంది. సాయంత్రం ఇంటికి వచ్చి గోపురం పెట్టుకుంటాను. రెండూ నేనే అని తెలిశాక ఇప్పుడు నాకు బెంగ లేదు.

మొన్న ఒక సాయంత్రం ప్రసూన నన్ను గచ్చు మీద పెట్టి నీళ్ళతో నింపింది. ఊరుకోకుండా పక్కన చెంబు నీళ్ళలో వేలు ముంచి, నా మీద ఒక్కొక్క చుక్క వదలడం మొదలుపెట్టింది. ఒక చుక్క. ఇంకో చుక్క. పొర్లలేదు. కంటిని నా అంచు ఎత్తుకి దించి చూసి, ఊపిరి బిగపట్టి, పిలిచింది.

"అమ్మా, ఇటురా! మెల్లగా!"

సత్యవేణి వచ్చి పక్కన కూర్చుని వంగి చూసింది. నీళ్ళు నా అంచు దాటి పైకి ఉబ్బి ఉన్నాయి. గుండ్రంగా, మెరుస్తూ, పడిపోకుండా.

"నీళ్ళకీ ఉందమ్మా గోపురం! చిన్నది!"

సత్యవేణి ఒక్క క్షణం మురిసిపోయింది. "అత్తయ్యా, చూసేరా!" అని అరవబోయి ఆగిపోయింది. గబుక్కున కూతురి నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఎవరైనా విన్నారేమోనని గేటు వైపు చూసింది.

"ఈ సంగతి మీ టీచర్‌కి చెప్పకే తల్లీ," అంది గుసగుసగా, "ఇచ్చిన మార్కులు మళ్ళీ తీసేసుకుంటారు!"