మొదటి రోజు రంగు

రంగుల పిన్ని తోలు ముక్కను కిటికీ వెలుగుకు ఎదురుగా పట్టుకుని, బొటనవేలితో ఒకసారి రుద్ది, పెదవి విరిచి మళ్లీ తన పీట మీదికి వచ్చి కూర్చుంది. గోధుమరంగు అయితే వచ్చింది గానీ అందులో ఎరుపు ఇంకా నిద్ర లేవలేదు. చిటికెడు పొడి వేసి పుల్లతో నిదానంగా తిప్పింది.

ఆమె చేతులు మణికట్టు దాకా తోలు రంగులోనే ఉంటాయి. సబ్బు అరిగిపోవాలే తప్ప ఆ రంగు వదలదు. బస్సులో పక్కన కూర్చున్నవాళ్లు ఆ చేతుల్ని చూసి కాస్త జరుగుతారు. కూతురు చిన్నప్పుడు, "బళ్లోకి రాకమ్మా, గేటు దగ్గరే ఉండు" అనేది. ఆమె గేటు దగ్గరే ఉండేది, చేతులు వెనక్కి పెట్టుకుని. ఆ కూతురికి పెళ్లయింది, పిల్లలు పుట్టారు. చేతులు వెనక్కి పెట్టుకునే అలవాటు మాత్రం తల్లికి అలాగే ఉండిపోయింది.

ఆ రెండు గదుల దుకాణంలో పాతకాలపు సైనికుల కోట్లకు నకళ్లు కుడతారు. సినిమావాళ్లు వస్తారు, పాత వస్తువుల పిచ్చి ఉన్నవాళ్లు వస్తారు. ఆమె భర్త మేస్త్రి. కత్తిరింపూ కుట్టూ ఆయనవి, రంగు ఆమెది. కోటు వేసుకుని అద్దంలో చూసుకున్నవాడు, "ఏం కుట్టావు మేస్త్రీ!" అంటాడు. రంగు తోలుతోపాటే పుట్టిందనుకుంటాడు కాబోలు, దాని ఊసెత్తడు. పిన్ని కూడా ఎత్తదు. వాళ్లాయన నోరు ఒక్క క్షణం ఊరుకోదు కాబట్టి ఇంటికి సరిపడా మాటలు ఆయనే మాట్లాడేస్తాడు.

ఆ పొద్దున టాక్సీ వచ్చి ఆగింది. చేతికర్ర ముందు దిగింది, దాని వెనకాల పిట్టంత ముసలావిడ దిగింది. తొంభై ఏళ్లుంటాయి. వెంట ఆవిడ మేనకోడలు. ఆ మేనకోడలికీ జుట్టు నెరిసింది.

"రండమ్మా, రండి. కోటు ఎవరికండీ? మనవడికా?" అన్నాడు మేస్త్రి కుర్చీ దులుపుతూ.

"నాకే."

"మీకా!"

"ఏం నాయనా, ముసలిదానికి చలెయ్యదా?"

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. మేనకోడలు సంచిలోంచి ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టింది. విమానం రెక్కకు ఆనుకుని ఒక పిల్ల నవ్వుతోంది. జుట్టు గాలికి లేచిపోయింది. ఒంటి మీద తనకన్నా పెద్ద కోటు.

"యుద్ధం రోజుల్లో విమానాలు నడిపిందండీ మా అత్త" అంది మేనకోడలు, చాలాసార్లు చెప్పిన మాట మళ్లీ చెబుతున్నట్టు. "ఫ్యాక్టరీలో తయారైనవాటిని సైన్యం ఉన్నచోటికి చేర్చేది."

పిన్ని చేతిలో పుల్ల ఆగిపోయింది. లేచి వచ్చి ఫొటో చూసింది, ముసలావిడను చూసింది, మళ్లీ ఫొటో చూసింది. నవ్వు అదే.

"ఆ కోటు ఇప్పుడు లేదాండీ?"

"యుద్ధం అయిపోగానే ఇక ఇళ్లకు వెళ్లండమ్మా అన్నారు. కోట్లు కూడా ఇచ్చేసి వెళ్లమన్నారు. మడతపెట్టి బల్ల మీద పెట్టాను. నా కోటు మీద ఇంకో పిల్ల తన కోటు పెట్టింది. అంతే." ముసలావిడ ముక్కు తుడుచుకుంది. "తర్వాత బతుకంతా పోస్టాఫీసులో ముద్రలు గుద్దాను. అదీ మంచి పనే. కానీ కూర్చునే చెయ్యాలి."

మేస్త్రి తోళ్లు తెచ్చి బల్ల మీద పరిచాడు. గొర్రెతోలు మీద ఆవిడ అరచెయ్యి ఆనించి, "ఇది శాలువా. కప్పుకుని నిద్రపోవచ్చు, విమానం నడపలేం" అని పక్కకు నెట్టింది. గుర్రంతోలు నిగనిగను చూసి, "దీంట్లో చూసుకుని జడేసుకోవచ్చు" అంది. మేకతోలు అందుకుని పిడికిట్లో నలిపి, చెవి దగ్గర పెట్టుకుని, కాసేపు విన్నది.

"ఇదీ. మెడ తిప్పినప్పుడల్లా ఇలాగే గొణిగేది."

ఇక రంగు. నలుపు తెలుపుల ఫొటోలో కోటు బూడిదరంగులో ఉంది. దాని అసలు రంగు ఎరిగిన కళ్లు లోకంలో ఈ రెండే మిగిలాయి. పిన్ని ఒక్కొక్క ముక్కా చూపించింది. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది.

"నీడలో దాదాపు నల్లగా ఉండేది అమ్మాయ్. మబ్బులు దాటి పైకి వెళ్లగానే భుజాల మీద ఎరుపు లేచేది."

అమ్మాయ్! మేస్త్రి పైకే నవ్వేశాడు. తనను అమ్మాయ్ అని పిలిచే మనిషి భూమ్మీద ఇంకా ఉందని పిన్నికి ఆ క్షణం దాకా తెలియదు.

"మబ్బుల పైన ఎండ ఎలా ఉంటుందండీ? ఇక్కడిలాగేనా?" అని అడిగింది. రంగు కలపాలంటే ఏ వెలుగులో చూడాలో తెలియాలి కదా.

ముసలావిడ కర్రను మోకాళ్ల మధ్య నిలబెట్టుకుని దాని తల చుట్టూ వేళ్లు చుట్టింది. కళ్లు మూసుకుంది.

"కింద వాన. బయల్దేరేటప్పుడు నా చెయ్యి నాకే కనబడలేదు. రేడియో ఉండేది కాదు మాకు. తొడ మీద మ్యాపు, కాళ్ల కింద రోడ్డో నదో, అవి చూసుకుంటూ పోవడమే. ఆ రోజు అవి కూడా లేవు. మబ్బులోకి దూరాను. ఎంతసేపటికీ తెలుపే. పైకి పోతున్నానో కిందికి పోతున్నానో ఒంటికి తెలియదు, ఎదురుగా ఉన్న మీటరులో ముల్లు చెప్పింది నమ్మాల్సిందే. ఉన్నట్టుండి తెలుపు చిరిగిపోయింది. ఎండ! ఇక్కడి ఎండలో దుమ్ముంటుంది అమ్మాయ్. అక్కడిది కడిగిన ఎండ. కింద మబ్బులు దున్నిన చేనులా ఉన్నాయి, ఆ చివర నుంచి ఈ చివరకి. మనిషన్నవాడు లేడు. భుజం వైపు చూసుకున్నాను. కోటు నిప్పుకణికలా ఉంది."

"భయం వెయ్యలేదా?"

"వెయ్యకేం? ఉన్నది ఒక్క సీటేగా, దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాను."

మేస్త్రి కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన అంతసేపు మాట్లాడకుండా ఉండటం పిన్ని చూడలేదు. తాను ఎక్కినవాటిలో ఎత్తయినది ఈ ఇంటి డాబా. ఈ పిట్టంత మనిషి ఆకాశాన్ని అడ్డంగా దాటింది, అదీ ఒక్కతే, దారి చెప్పే దిక్కు లేకుండా.

పిన్ని వెళ్లి ముందు నలుపు కాచింది. ఎరుపును పైన పుయ్యకుండా కుంచెతో కింద పూసింది, దాని మీద గోధుమరంగు, ఆ పైన పొగలాంటి నలుపు పలచగా. ఆరాక మెత్తటి గుడ్డతో రుద్దింది. గదిలో ఆ ముక్క చీకటిముద్దలా ఉంది. ముసలావిడ చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించి, ఎండలో ఆ ముక్కను భుజం మీద వేసింది.

ముసలావిడ కుడిచెయ్యి దానంతట అదే లేచి, పొట్ట దగ్గర నుంచి గొంతు దాకా, లేని జిప్పును పైకి లాగింది.

"ఇంకో సంగతండీ" అంది పిన్ని. "ఇది కొత్తప్పటి రంగు. వాడగా వాడగా మోచేతుల దగ్గర, జేబు అంచున వెలిసిపోయి ఉంటుంది. మీకు కోటు చేతికిచ్చిన రోజు రంగు కావాలా, తిరిగి ఇచ్చేసిన రోజు రంగు కావాలా? ఏదైనా చెయ్యగలను."

"వెలిసినట్టే చెయ్యండి" అంది మేనకోడలు. "కొత్తది వాడి పాతది చెయ్యాలంటే అత్తకి..." అని ఆగిపోయింది.

"అనవే, టైము లేదని. ఉన్నమాటేగా." ముసలావిడ పడీ పడీ నవ్వింది. నవ్వు ఆగాక చాలాసేపు ఆ ముక్కనే చూసింది. "మొదటి రోజుదే చెయ్యి అమ్మాయ్. ఇంకెవరో అరగదీసి ఇచ్చిన కోటు నాకెందుకు? నా మోచేతులు నాకున్నాయి."

వెళ్లేముందు ఆవిడ పిన్ని చేతుల్ని అందుకుని తిప్పి చూసింది. "ఇది పోదా?"

"పోదండీ."

"పోనివ్వకు."

పిన్ని ఆ చేతుల్ని వెనక్కి తీసుకోవడం మరిచిపోయింది.

సాయంత్రం ఆరిన బట్టలు తేవడానికి డాబా ఎక్కిన మనిషి ఎంతకీ దిగకపోతే మేస్త్రి వెతుక్కుంటూ పైకి వచ్చాడు. ఆమె పిట్టగోడ పట్టుకుని కిందికి చూస్తోంది.

"ఏంటే, ఏమన్నా పడిపోయిందా?"

"పైనుంచి చూస్తే మన ఇల్లు ఎలా ఉంటుందా అని."

"ఎలా ఉంటుంది? కప్పు మీద పగుళ్లన్నీ కనబడతాయి."

ఆమె నవ్వింది. కాసేపటికి, "ఒక్కతే వెళ్లిందండీ" అంది. బట్టలు చంకలో పెట్టుకుని మరికాసేపు అక్కడే నిలబడింది. ఆయన కూడా నిలబడ్డాడు.

కోటు పూర్తయ్యేలోగా ముసలావిడ ఉంటుందో ఉండదోనని మేస్త్రి కంగారు. చేతిలో ఉన్న పనులన్నీ పక్కన పెట్టాడు. పిన్ని మాత్రం తొందరపడలేదు. మేకతోళ్లు ఒక్కొక్కటే పరిచి, ఎరుపు పూసి, ఆరనిచ్చి, గోధుమరంగు పూసి, ఆరనిచ్చింది. చివరి నలుపు కూడా అయ్యాక ఒక మధ్యాహ్నం నడుం పట్టుకుని లేచి, "ఎండలో వెయ్యకండి, నీడలోనే ఆరనివ్వండి. కాస్త ఒళ్లు వాలుస్తాను" అని లోపలికి వెళ్లింది. మేస్త్రి టీ పెట్టి పిలిచాడు. ఇంకోసారి పిలిచాడు. గ్లాసు పట్టుకుని లోపలికి వెళ్లాడు.

ఆమె పక్కకు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. ఇక లేవలేదు.

తర్వాత కొన్నాళ్లు దుకాణం తెరవలేదు. తెరిచాక మేస్త్రి ముట్టుకున్న మొదటి పని ఆ కోటే. కూతురు వచ్చి, ఎవరికైనా ఇచ్చి కుట్టించు నాన్నా అంది. ఆయన వినలేదు.

టాక్సీ మళ్లీ వచ్చి ఆగింది. ముసలావిడ గడపలోనే అడిగింది. "అమ్మాయేదీ?"

మేస్త్రి కోటు తెచ్చి ఆవిడ ముందు పట్టుకున్నాడు. నోరు తెరిచాడు. చెప్పాల్సినది ఒకటైతే నోటికి వచ్చింది ఇంకొకటి.

"నీడలో ఆరబెట్టమందండీ. నీడలోనే ఆరబెట్టాను."

ముసలావిడ ఆయన మొహంలోకి చూసింది. కర్ర మేనకోడలికి ఇచ్చి, వెనక్కి తిరిగి, చేతులు చాచింది. ఆయన కోటు తొడిగాడు. జిప్పు గొంతు దాకా లాక్కుని, ఎవరి ఆసరా లేకుండా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ ఆవిడ పెరట్లోకి నడిచింది. గడప దాటగానే భుజాల మీద ఎండ పడింది. చీకటిలాంటి తోలు అడుగు నుంచి ఎరుపు మెల్లగా, రాజుకుంటున్నట్టు, పైకి వచ్చింది. మేస్త్రి గుమ్మం పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. మేనకోడలు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆవిడ మెడ వెనక్కి వంచి చాలాసేపు పైకి చూసింది. తర్వాత ఇటు తిరిగి, "అమ్మాయి ఎక్కడ కూర్చునేది?" అని అడిగింది.

మేస్త్రి లోపలికి చెయ్యి చూపించాడు. కిటికీ కింద పీట, పీట ముందు ఒక గిన్నె. గిన్నెలో మిగిలిన రంగు ఎండి నెర్రెలిచ్చింది. ఆ ఎండిన రంగులో, ఏ చేతి ఆసరా లేకుండా, కుంచె నిటారుగా నిలబడి ఉంది.