రెండు వేళ్ళు కలిసిన చోటు

గిన్నెలో మైదా జిగురు చిక్కబడి బుడగలు వేస్తోంది. అతను గిన్నె అంచును మసిగుడ్డతో పట్టుకుని కర్రతో తిప్పుతున్నాడు. ఎక్కడా ఉండ కట్టకూడదు. ఉండ కడితే దారం కింద అది గుట్టలా నిలుస్తుంది. లెక్కలో లేని బిందువు ఒకటి పిల్లల వేలికి తగులుతుంది. చివర్లో పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం వేసి, పొయ్యి ఆపి, గిన్నెను కిటికీ గట్టు మీద చల్లారబెట్టాడు.

అంధుల పాఠశాలలో మెట్ల కింద ఉన్న గది అది. ఒక మూల నిటారుగా నిలబడితే తల కొట్టుకుంటుంది. పద్నాలుగేళ్ళుగా ఆ మూలకు తల వంచి నడవడం ఎంత అలవాటైపోయిందంటే, వీధిలో కూడా ఒక్కోసారి ఊరికే తల వంచుతాడని భార్య నవ్వుతుంది. గోడవారగా దళసరి అట్టలు, మేకులకు వేలాడే పురికొస ఉండలు, నూలుదారం, మైనం పట్టించిన సన్నదారం, ఒక దబ్బనం, బల్ల మీద ఇనుప దిమ్మలు. పిల్లలకు అతని ముఖం తెలియదు, పేరుతో పని లేదు. వరండాలో తుత్తం కలిసిన జిగురు వాసన వస్తే చాలు, "జిగురు బాబాయ్!" అని కేకేస్తారు.

లెక్కల పుస్తకంలో బొమ్మ ఉన్న ప్రతిచోటా ఆ బొమ్మను దారంతో అట్ట మీద అంటించి ఇవ్వడం అతని పని. లావు గీతకు పురికొస, సన్న గీతకు నూలుదారం, చుక్కల గీతకు అట్ట వెనకనుంచి దబ్బనంతో పొడుపులు. ఆ ఉదయం రెండు త్రిభుజాలు పూర్తిచేశాడు. దిమ్మలు తీసి, మొదటి అట్టను పైకెత్తి, కళ్ళు మూసుకుని, దాన్ని కింది పెదవి మీదుగా మెల్లగా లాగాడు. వేళ్ళతో చూసుకునే వీలు అతనికి లేదు. అంతకుముందు ఇరవై రెండేళ్ళు ప్రెస్సులో పుస్తకాలు కుట్టాడు. కాగితపు అంచులు కోసి, జిగురు పొరలు కట్టి, వేలికొసలు చెప్పు అట్టల్లా మొద్దుబారాయి. పెదవి ఒక్కటే మిగిలింది. మా ఆయన నాకంటే అట్టలకే ఎక్కువ ముద్దులు పెడతాడని భార్య పక్కింటావిడతో అంటుంటే విననట్టు ఊరుకుంటాడు.

పదో తరగతి లెక్కల్లో అతను మూడుసార్లు తప్పాడు. నాలుగోసారి వెళ్ళలేదు. ప్రెస్సు మూతపడ్డాక ఇక్కడ చుక్కల లిపి పుస్తకాలకు అట్టలు వేసే పనికి వచ్చాడు. అప్పుడే కొత్తగా చేరిన లెక్కల టీచరు ఒకరోజు వచ్చి, "ఒక త్రిభుజం అంటించి ఇస్తారా?" అని అడిగింది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టుగా, లోపల గీతలన్నీ కలిపి అంటించి ఇచ్చాడు. ఒక పిల్లవాడు దాన్ని తడిమి, "ఇది త్రిభుజం కాదు బాబాయ్, చిక్కుపడ్డ జుట్టు" అన్నాడు. అతనికి తల తీసేసినట్టయింది. ఆ తరవాత నెమ్మదిగా తెలుసుకున్నాడు: కళ్ళు బొమ్మనంతా ఒక్కసారే చూస్తాయి, వేలు మాత్రం దారి నడుస్తుంది. నడిచేవాడికి కూడలికీ కూడలికీ మధ్య చోటుండాలి.

అలా అంటిస్తూ అంటిస్తూ, తప్పిన లెక్కలన్నీ తనకు తెలియకుండానే నేర్చుకున్నాడు. వృత్తాలకు దారం కత్తిరించేటప్పుడు ఒకసారి ఒక సంగతి గమనించాడు: వృత్తం పెద్దదైనా చిన్నదైనా, అడ్డంగా ఎంత ఉందో దానికి మూడింతలు దారం పెడితే ఎప్పుడూ కాస్త చాలడం లేదు. ఇంటికి వెళ్ళి మూతలు, పళ్ళేలు, జల్లెడ, బకెట్టు అన్నీ కొలిచాడు.

"ఇక ఇంట్లో గుండ్రంగా ఉన్నది నా తలొక్కటే. అదీ కొలుస్తారా?" అంది భార్య.

కొలిచాడు. అది లెక్కకు రాలేదు. మర్నాడు పరుగున వెళ్ళి టీచరుకు చెబితే ఆవిడ నవ్వబోయి ఆగింది. "మూడు దాటాక మిగిలే ఆ కాస్తకీ అంతు లేదండీ. ఎంత లెక్కపెట్టినా ఇంకా మిగులుతూనే ఉంటుంది" అంది. తనకు దొరికింది అప్పటికే లోకమంతా ఎరిగిన సంగతేనని తెలిసి కూడా, ఆ రోజంతా అతను బడి గంట తానే కొట్టినంత సంబరంగా తిరిగాడు.

త్రిభుజాలు పూర్తిచేసిన ఆ ఉదయం, పది గంటలకు, ఆ టీచరే గుమ్మంలోకి వచ్చింది.

"బాబాయిగారూ, స్పర్శరేఖ బొమ్మ ఇక మళ్ళీ అంటించక్కర్లేదు. ఎందుకమ్మ లెక్కలు మానేస్తోంది. మూడింటికి వాళ్ళ నాన్న వచ్చి కాగితం మీద సంతకం పెడతాడు."

ఎందుకమ్మ అంటే పదో తరగతి అమ్మాయి. ఏం చెప్పినా "ఎందుకు?" అనేది కాబట్టి ఆ పేరు పెట్టింది అతనే. చూపులేని పిల్లలు లెక్కలు వదిలేసి బదులుగా సంగీతం పరీక్ష రాసే వీలుంది. ఒకసారి వదిలితే పై చదువుల్లో సగం తలుపులు మూసుకున్నట్టే.

"సంగీతమా? ఆ పిల్ల పాడితే గోడ మీది కాకులు లేచిపోతాయి కదండీ."

"నాకు తెలీదా? నెల రోజులుగా నోరు విప్పడం లేదు. స్పర్శరేఖ దగ్గర ఆగిపోయింది. కంఠస్థం చెయ్యమన్నాను. అదే నా పొరపాటేమో." ఆవిడ గోడకు ఆనుకుని కళ్ళద్దాలు తుడుచుకుంది. "ఇంకా ముప్ఫై మంది ఉన్నారు. నేనొక్కదాన్ని."

భోజనాల గంటలో ఎందుకమ్మను ఎవరూ పిలవలేదు. తనంతట తనే వచ్చింది. గోడ తడుముకుంటూ వచ్చి బల్ల ముందు కూర్చుంది. అతను తన అన్నం డబ్బా మూత పెట్టేశాడు.

"స్పర్శరేఖ నిన్నేం చేసిందమ్మా?"

"అబద్ధం చెప్పింది." ఆ పిల్ల గొంతులో ఏడుపు లేదు, విసుగుంది. "గీత వృత్తాన్ని ఒక్క బిందువు దగ్గరే తాకుతుందట. నీ బొమ్మ మీద నా వేలు పెడితే రెండూ అంగుళం దాకా కలిసే ఉన్నాయి. నా వేలే బిందువంత సన్నగా లేదు కదా, ఒక్కచోటేనని నాకెలా తెలియాలి? అది కళ్ళున్నవాళ్ళ లెక్క బాబాయ్. మాది కాదు."

అతను పాత స్పర్శరేఖ అట్టను బల్ల మీదికి తీశాడు. బొమ్మను వెలుతురులోకి జరిపి, కళ్ళద్దాలు సర్దుకుని, ముక్కు తగిలేంత దగ్గరగా చూశాడు. పుస్తకం తెరిచి అచ్చు బొమ్మ కూడా చూశాడు.

"నాకూ కనబడటం లేదమ్మా," అన్నాడు.

"ఏంటి?"

"ఆ ఒక్క బిందువు. సిరా గీతకూ మందం ఉంది. ఇక్కడా కాస్త దూరం కలిసే ఉన్నాయి. నాకు కళ్ళున్నాయి గానీ, ఇది నేనూ ఎప్పుడూ చూడలేదు."

ఎందుకమ్మ తల అతని వైపు తిప్పింది. "మరి టీచరుకు?"

"ఆవిడకీ కనబడదు. ఎవరికీ కనబడదేమో."

అతను లేచి, మూలన తల వంచి, అల్లికలవాళ్ళు గుడ్డ బిగించుకునే చెక్క రింగు ఒకటి వెతికి తెచ్చాడు. లోపలివైపు చిన్న మేకులు కొట్టి దాన్ని బల్లకు కదలకుండా బిగించాడు. మైనం దారాన్ని రెండు చేతులతో సాగదీసి, రింగు మధ్యగా అడ్డంగా పట్టుకున్నాడు.

"దారం రింగును ఎన్నిచోట్ల దాటుతోంది?"

"రెండు."

"ఒక్కోచోట ఒక్కో చూపుడు వేలు పెట్టు. ఇప్పుడు దారాన్ని రింగు అవతలి అంచువైపు జరుపుతాను. నీ వేళ్ళు దాన్ని వదలకూడదు."

దారం కొంచెం జరిగింది. రింగు వెంబడి వేళ్ళు రెండూ జరిగాయి. ఇంకొంచెం. వాటి మధ్య జానెడు దూరం బెత్తెడైంది, బెత్తెడు రెండంగుళాలైంది. దారం అంచుకు వచ్చేసరికి వేళ్ళు రెండూ ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. చటుక్కున దారం రింగును వదిలేసింది.

"అయ్యో, పోయింది!" అని నవ్వేసింది ఎందుకమ్మ. "మళ్ళీ పట్టు బాబాయ్."

మళ్ళీ పట్టాడు. అయిదుసార్లు, ఆరుసార్లు. భుజాలు లాగుతున్నాయి, అయినా దించలేదు. ఏడోసారి వేళ్ళు ఢీకొనే చోట ఆ పిల్ల "ఆగు" అంది. అతను ఆగాడు.

"ఇక్కడ ఇంకా రెండు ఉన్నాయి. నా వేళ్ళు లావు కాబట్టి ముందే తగిలాయి. వేళ్ళు ఇంకా సన్నగా ఉంటే ఇంకా దగ్గరికి వచ్చేవి. ఇంకా సన్నగా ఉంటే ఇంకా." ఆగింది. పెదవులు కదులుతున్నాయి. "దారం వదిలిపోయే ముందు ఒక్క క్షణం, రెండూ ఒకటే అయి ఉండాలి. లేకపోతే ఎలా వదులుతుంది? అదేనా?"

"అదేననుకుంటా," అన్నాడు అతను. "టీచరునడుగు. నేను మూడుసార్లు తప్పినవాణ్ణి."

"అయితే దాన్ని తాకక్కర్లేదు. తెలిస్తే చాలు," అని ఆ పిల్ల తనలో తాను అనుకున్నట్టు అంది. తరవాత, నెల రోజుల తరవాత మొదటిసారి, "మరి వృత్తం కాకుండా కోడిగుడ్డు ఆకారమైతే? ఎందుకు కాకూడదు?" అని అడిగింది.

మూడింటికి తండ్రి వచ్చాడు. ఇస్త్రీ పని చేసే మనిషి. కుడి అరచేయి వేడికి కమిలి నల్లబడింది. వరండాలో మాటలు మెట్ల కింది గదికి వినబడ్డాయి.

"ఎందుకు తల్లీ ఈ కష్టం? లెక్కలు రాకపోతే బతకలేమా? నాకొచ్చా?"

"నాకు కష్టంగా లేదు నాన్నా. బాగుంది."

"లెక్కలు బాగుండటమేంటే?"

"నీకు చూపిస్తా రా. రెండు వేళ్ళు ఇలా పెట్టు..."

కాగితం సంతకం లేకుండానే ఆఫీసుకు వెళ్ళిపోయింది. ఎవరూ అతనికి వచ్చి చెప్పలేదు. తండ్రి గట్టిగా నవ్వడం విని తనే గ్రహించాడు.

నాలుగు దాటాక స్పర్శరేఖ బొమ్మ మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి వృత్తానికి పురికొస, గీతకు అన్నిటికంటే సన్నని నూలుదారం. తాకే చోట జిగురు వేయకుండా దారాన్ని ఊరికే ఆనించాడు. తడి మీద కత్తెర పెడితే కొస లేచిపోతుంది కాబట్టి, దారం కొసలు పొడుగ్గా వదిలేసి, పైన దిమ్మలు పెట్టి, తాళం వేసి ఇంటికి బయలుదేరాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. పిల్లలు లేరు, ఆ మాట ఒకప్పుడు చాలాసార్లు అనుకున్నారు, తరవాత మానేశారు. గుమ్మం మెట్టు మీద కూర్చుని, సాయంత్రపు ఎండ మోకాళ్ళ మీద పడుతుంటే, జరిగిందంతా చెప్పాడు. భార్య కూరగాయలు తరుగుతూ వింది.

"ఇంతకీ ఆ పిల్ల పరీక్ష రాస్తుందా?"

"రాస్తుంది. రాయడం అటుంచు, కోడిగుడ్డు ఏమవుతుందని అడిగిందే! నేనేం చెప్పను?" అని నవ్వి, "కాసిని మంచినీళ్ళు ఇస్తావా?" అన్నాడు.

ఆమె నీళ్ళు తెచ్చేసరికి అతను గుమ్మానికి తల ఆనించి ఉన్నాడు. అలసిపోయి కునుకు పట్టిందనుకుని, గ్లాసు పక్కన పెట్టి, తరుగుడు ముగించి వచ్చింది. అప్పటికీ ఎండ మోకాళ్ళ మీదే ఉంది. చెయ్యి పట్టుకుని పిలిచింది. తరవాత పక్కింటావిడను పిలిచింది. గుండె అని డాక్టరు చెప్పాడు. బాధేమీ పడి ఉండడనీ చెప్పాడు.

బడికి ఒకరోజు సెలవు ఇచ్చారు. మూడో రోజు టీచరు మెట్ల కింది గది తాళం తీసింది. ఎందుకమ్మ వెంట వచ్చింది. గిన్నెలో మిగిలిన జిగురు ఎండి పెచ్చు కట్టింది. టీచరు దిమ్మలు ఒక్కొక్కటే ఎత్తి పక్కన పెడితే, ఆ పిల్ల అట్ట మీద వేలు పెట్టింది. వృత్తం చుట్టూ ఒకసారి వెళ్ళింది. గీత మీదికి వచ్చింది. రెండూ కలిసే చోట వేలు నెమ్మదించి, మళ్ళీ సాగింది. అట్ట అంచు వచ్చింది. వేలు ఆగలేదు.

"టీచర్, గీత ఇంకా ఉంది."

"కొసలు కత్తిరించాలమ్మా," అంది టీచరు. కత్తెర ఎదురుగా మేకుకే ఉంది. ఇద్దరిలో ఎవరూ దాన్ని అందుకోలేదు.

కిటికీలోంచి వచ్చే గాలికి, అట్ట దాటి బల్ల అంచుదాకా వెళ్ళిన ఆ సన్నని నూలుదారపు కొస ఒకటి మెల్లగా ఊగుతోంది.