తలుపు వెనక చార్టు

"రొట్టెలు మళ్ల చేద్దువు గని, ముందు గిది సదువు" అంటూ జగన్ భార్య ఫోన్ తెచ్చి పిండి డబ్బాకు ఆనించాడు.

సంతోషి చదవలేదు. చేతుల కింద జొన్నరొట్టె సాగుతోంది, మధ్యలో ఆపితే అంచు పగులుతుంది. అయినా అందులో ఏముందో ఆమెకు తెలుసు. ఆమె పనిచేసే ఫుడ్‌కోర్టు సూపర్‌వైజర్ శేఖర్ ఆమె చేత చెప్పించాలని రాసి పంపిన నాలుగు వాక్యాలు. నేను పెట్టిన వీడియో తప్పు. కోపంలో అబద్ధం చెప్పాను. యాజమాన్యం మమ్మల్ని ఇంటి ఆడబిడ్డల్లా చూసుకుంటుంది. అందరూ క్షమించండి. ఇది చూసి చదువుతూ ఇంకో వీడియో తీసి తొమ్మిదిలోపు పెట్టాలి. పెడితే డ్యూటీ ఉంటుంది, లేకపోతే ఉండదు. అప్పటికి టైం ఏడున్నర.

"జర మంచి చీర కట్టుకో. రెండు నిమిషాల పని" అన్నాడు జగన్. "నువ్వు మాఫీ అడిగితే ఆ ఫొటో గూడ తీపిస్తడట శేఖరన్న."

"అది ఆయన చేతులెట్ల ఉంటది?"

"ఏమో. తెలిసినోళ్లున్నరట."

తెలిసినోళ్లు. సంతోషి రొట్టెను పెనం మీద వేసి నీళ్ల చెయ్యి తిప్పింది.

ఎయిర్‌పోర్టు నుంచి షాద్‌నగర్ పోయే రోడ్డు మీద ఉంది ఆ ఫుడ్‌కోర్టు. విమానం దిగినవాళ్లు, ఎక్కబోయేవాళ్లు, వాళ్లను తిప్పే క్యాబ్‌లు, అన్నీ అక్కడ ఆగుతాయి. ఆడవాళ్ల మరుగుదొడ్లు పద్నాలుగు. పది గంటల డ్యూటీలో వాటిని కడిగేది సంతోషి, ఐమన్, ఇద్దరే. కడిగేవాళ్లు వాటిని వాడకూడదు. అవి కస్టమర్లకట. పనివాళ్లది పార్కింగ్ అవతల ఉంది, దాని తాళంచెవి శేఖర్ జేబులో ఉంటుంది. నెలసరి రోజుల్లో ఆ తాళంచెవి కావాలంటే అతని ముందు నిలబడి ఎందుకో చెప్పాలి. ఒకరోజు రెండోసారి అడిగితే "ఇప్పుడే పోయొస్తివి గదా, నల్లా ఇప్పి పెట్టినవా ఏంది?" అని నలుగురి ముందు నవ్వాడు. ఆ రోజు ఆమె యూనిఫాం తడిసింది. ఆ మరకతోనే డ్యూటీ ముగించి, బయటికొచ్చి, మొహం దాచుకోకుండా, మరక చూపిస్తూ మూడు నిమిషాలు మాట్లాడి ఓ వీడియో యాప్‌లో పెట్టింది.

ముప్పైవేల మంది చూశారు. రెండో రోజు అది మాయమైంది. 'అసభ్యకరమైన కంటెంట్' అని యాప్ నుంచి ఒక్క ముక్క వచ్చింది. రక్తం అసభ్యమట. ఆ మర్నాడే ఎవడో వీడియోలోంచి ఆమె మొహం కోసి, ఎవరిదో బట్టల్లేని ఒంటికి అతికించి అదే యాప్‌లో పెట్టాడు. సంతోషి రిపోర్ట్ కొట్టింది, ఐమన్ కొట్టింది, వంటవైపు ఆడవాళ్లంతా కొట్టారు. అందరికీ ఒకటే జవాబు. 'పరిశీలించాం. మా నియమాలకు విరుద్ధంగా లేదు.' ఇవాళ్టికి పదకొండో రోజు. ఆ ఫొటో అక్కడే ఉంది, చేతులు మారుతూనే ఉంది.

"ఆ ముచ్చట ఆడోళ్లతోని చెప్పుకోనీకే సిగ్గయితది, నువ్వు పోయి బజార్ల చెప్తివి" అంది అత్త రాములమ్మ. "ఇగ బజారోడు ఊకుంటడా?" అది పాత మాటే, సంతోషి తట్టుకుంది. తట్టుకోలేనిది ఇంకొకటి ఉంది. క్యాబ్ స్టాండులో తోటి డ్రైవర్లు ఫొటో చూపించిన రోజు జగన్ ఇంటికొచ్చి, తలుపేసి, ఫోన్ ఆమె ముందు పెట్టి మెల్లగా అడిగాడు. "నిజం చెప్పు. ఇది నువ్వేనా?" రెండు కాన్పుల కుట్లు ఆమె పొట్ట మీద ఉన్నాయి. ఫొటోలో పొట్ట నున్నగా ఉంది. అంతసేపు చూసినవాడు అది చూడలేదు. పన్నెండేళ్లు పక్కన పడుకున్న మనిషికి ఆ కుట్లే గుర్తు రాలేదంటే, ఇన్నాళ్లూ అతను ఎవరి పక్కన పడుకున్నట్టు? కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదేమో. ఆ రోజు నుంచి అతనికి అన్నం పెడుతూనే ఉంది, బట్టలుతుకుతూనే ఉంది, కానీ లోపల ఏదో ఆగిపోయింది.

చివరి రొట్టె దించి చేతులు కడుక్కుంది. లోపలికెళ్లి ఆ యూనిఫామే వేసుకొచ్చింది. ఎన్ని ఉతుకులు ఉతికినా మరక లేతగా ఉండనే ఉంది.

"చీర కట్టుకోమంటి గదా" అన్నాడు జగన్.

"పనుంది. పోతున్న" అని ఫోన్ తీసుకుని బయటికి నడిచింది.

మూలమలుపులో ఐమన్ నిలబడి ఉంది. "స్టేషన్‌కే కదా అక్కా? శేఖర్‌కు తెలిస్తే ఇగ ఆ తాళంచెవి తాయెత్తు లెక్క మెడల కట్టుకుంటడు" అంది. ఇద్దరూ నవ్వారు. తన పని కూడా పోతుందని ఐమన్‌కు తెలుసు.

స్టేషన్‌లో హెడ్ కానిస్టేబుల్ స్వరాజ్యం సంతోషి ఫోన్‌లో ఫొటోలన్నీ చూసింది. ప్రతి రిపోర్టుకూ, ప్రతి జవాబుకూ తేదీ, టైంతో ఒక స్క్రీన్ ఫొటో. మరుగుదొడ్డి కడగక ముందొకటి, కడిగాక ఒకటి ఫొటో తీసి గ్రూపులో పెట్టాలన్నది ఫుడ్‌కోర్టు రూలు. సంతోషి చేతికి ఆ అలవాటు పడింది.

"నిందితుల కాడ గుర్తుతెలియని వ్యక్తులు అని రాయమ్మా" అంటూ ఫిర్యాదు కాగితం ముందుకు జరిపింది.

"ఆ యాప్ కంపెనీ పేరు గూడ రాస్త మేడమ్."

"కంపెనీ ఏం జేసింది? గోడ ఇచ్చింది. రాసినోడిది తప్పు." స్వరాజ్యం కళ్లజోడు తీసింది. "ఇంకోటి విను. కేసులంటే భయపడి వాళ్లు అన్నీ పీకేస్తరు. ముందు నీలాంటోళ్లు పెట్టినవే పోతయి."

సంతోషి పెన్ను ఆగింది. ఆ మాటలో నిజం ఉంది. గోడ మీద గడియారం తొమ్మిదికి ఐదు నిమిషాల దూరంలో ఉంది. బల్ల మీద ఫోన్ మోగింది. జగన్. 'వీడియో పెట్టినవా? శేఖరన్న అడుగుతున్నడు.' ఫోన్‌ను బోర్లా పెట్టింది.

"మా బాత్రూం తలుపు ఎనక చార్టు ఉంటది మేడమ్. గంట గంటకు సంతకం చెయ్యాలె. ఎవరో గలీజ్ చేసి పోతరు. చేసినోళ్లను ఎవరు అడగరు, సంతకం ఎవరిదుందో ఆమెనే పిలుస్తరు. నేను చెయ్యలె అంటే, చెప్పినంక ఎందుకు కడగలె అంటరు. వీళ్లకు పదకొండు రోజుల సంది చెప్తున్న. పరిశీలించాం అని రాసిచ్చిండ్రు. సంతకం పెట్టినట్టే గదా."

"మరి అన్నీ పీకేస్తే?"

"గలీజ్ అయితదని బాత్రూంలకు తాళమేస్తే అది కడిగినట్టయితదా? నా వీడియో ఎందుకు పీకిండ్రో గూడ రాస్త. రెండిటికి జవాబు చెప్పాలె."

స్వరాజ్యం కళ్లజోడు మళ్లీ పెట్టుకుని ఆ మరకను చూసింది. "కోర్టుల నిలుస్తదో లేదో నేను చెప్పలేను" అంటూ నిందితుల పేర్లు రాసే చోట వేలు పెట్టింది. "రాయి."

సంతోషి ఆ కంపెనీ పేరు రాసింది. కింద సంతకం పెట్టింది. ఎవరూ అడగకపోయినా, అలవాటు కొద్దీ పక్కన టైం వేసింది. తొమ్మిది.